ఇంపోర్టు త్రోవల పూర్వకథ

1995 మే మాసమున నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పది దినములలో రూపొందించిన జావాస్క్రిప్టునందు, ఒక ఫైలు మఱియొక ఫైలును పేరుపెట్టి పిలుచుకొను ఉపాయ మేదియు లేకుండెను. వెబ్ పుటలలోని చిల్లర పనులకై పుట్టిన భాషకు అట్టి యవసరము తోచకుండుట వింత గాదు. ఫైళ్లను వరుసగా పేర్చెడివారు. వరుస తప్పినచో పని చెడెడిది.

2009లో రయాన్ డాల్ వెలువరించిన, జావాస్క్రిప్టును బ్రౌజరు వెలుపల నడపు నోడ్, కామన్‌జేఎస్ పద్ధతి ననుసరించి, ఆ కొఱత దీర్చెను. చుక్కతో మొదలైన త్రోవను పిలిచిన ఫైలున్న చోటినుండి లెక్కించును. వట్టి పేరైనచో ఆ ఫోల్డరులోని నోడ్ మాడ్యూల్స్ అను ఉపఫోల్డరును వెదకి, కానరానిచో పై ఫోల్డరునకు, అందును లేనిచో దాని పైదానికి, మూలస్థానము వఱకు మెట్లెక్కుచు పోవును. ఫైలు పేరు తుది భాగము వ్రాయకున్నను తానే యూహించుకొనును. ఈ యౌదార్యమునకు డాల్ స్వయముగా 2018లో బెర్లిన్ సభలో పశ్చాత్తాపపడెను.

2015లో వెలువడిన భాషాప్రమాణము ఇంపోర్టు వాక్యమును వ్రాయు తీరును నియమించెనే కాని, ఉద్ధరణ చిహ్నముల నడుమనున్న త్రోవకు అర్థము చెప్పు భారమును ప్రోగ్రామును నడపు యంత్రాంగమునకు విడిచెను. చిక్కంతయు ఇచ్చటనే కలదని నా తలంపు. ఫోల్డర్ల దొంతరలు పెరిగి, పై ఫోల్డరును సూచించు జంటచుక్కలు నాలుగైదు మారులు వ్రాయుటకు విసిగినవారు వెబ్‌ప్యాక్ వంటి పనిముట్లలో మారుపేర్లు పెట్టుకొనిరి. సోర్సు ఫోల్డరునకు ఎట్ గుర్తు వాడుకపేరయ్యెను. ప్రోగ్రాము నడిచెను గాని, వెబ్‌ప్యాక్ ఏర్పాట్లను చదువని ఎడిటరు మాత్రము, పేరుపై నొక్కినను, ఏ ఫైలును తెఱవజాలక మిన్నకుండెను.

ఆ 2015లోనే మైక్రోసాఫ్ట్ ప్రకటించిన వీఎస్ కోడ్ అను ఎడిటరు, జావాస్క్రిప్టును గ్రహించుటకు టైప్‌స్క్రిప్టు భాషాసేవనే యాశ్రయించినది గావున, జేఎస్‌కాన్ఫిగ్ అను చిన్న ఫైలును ప్రాజెక్టు మొదటి ఫోల్డరులో నుంచి, టైప్‌స్క్రిప్టు 2.0తో 2016లో వచ్చిన బేస్ యూఆర్ఎల్, పాత్స్ అను పద్దులలో ఆ మారుపేర్లనే మరల వ్రాయవలసివచ్చెను. ఒకే సంగతి రెండు దస్తరములలో! ఒకదానిని సవరించి రెండవదానిని మఱచి, సాయంకాలము వఱకు తల పట్టుకొని కూర్చున్నవారిలో నేను నొకడను.

2020లో నోడ్ తానే ప్యాకేజీ ఫైలులో మారుపేర్లకు చోటిచ్చెను; టైప్‌స్క్రిప్టు కొంతకాలమునకు దానిని చదువ నేర్చెను. అయితే ఆ పేర్లు హ్యాష్ గుర్తుతోనే మొదలు కావలెను. ఎట్ గుర్తు అప్పటికే ఎన్‌పీఎమ్ అను ప్యాకేజీల భాండారములో ప్యాకేజీల యింటిపేర్లకు చెల్లిపోయినది.