ఫ్యూజు కట్టిన చేతులు

దివిసీమ ఉప్పెన వచ్చిన 1977లోనే నేను నందివాడలో వైరింగు పని నేర్చుకున్నాను. గోడ మీద టేకు బద్దలు, క్లిప్పులతో బిగించిన వైరు. 3/22 అనేవాళ్లం: మూడు పోగులు, 22 గేజి. మీటరు పక్కన పింగాణీ ఫ్యూజు. అది పోతే చేతికందిన రాగి తీగ మెలిపెట్టి కట్టేసేవారు. లావు తీగ కరగదు, వైరే కాలుతుంది. మా మేనమామ ఇంట్లో బద్ద మాడిన వాసన నాకింకా గుర్తే.

ఇప్పుడు ఏసీ పెట్టగానే బ్రేకరు పడిపోతోందని 32 ఆంపియర్లది వేయమంటారు. నేను ముందు వైరు చూస్తాను. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగికి 10, 2.5కి 16, 4కి 25. అంతకు మించి వేయను. బ్రేకరు ఉన్నదే గోడలోని వైరు కోసం. పెద్దది కావాలంటే కొత్త వైరు లాగాల్సిందే.