ఎక్స్‌ట్రా టైమ్ అనే మాట వెనక కథ

పరీక్ష హాల్లో గంట కొట్టారు, అందరూ పేపర్లు ఇచ్చేశారు, ఒక్కడు మాత్రం ఇంకా రాస్తున్నాడు. "వాడికి ఎక్స్‌ట్రా టైమ్ అంట, లక్కీ ఫెలో" అని ఎవరో ఒకరు అననే అంటారు. ఈరోజు ఆ "ఎక్స్‌ట్రా" గురించే మాట్లాడుకుందాం.

ముందు ఇంగ్లండ్ వెళ్దాం. 1896 నవంబర్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న వ్యాసం వచ్చింది. రాసింది ప్రింగిల్ మోర్గన్ అనే డాక్టర్. పెర్సీ అనే 14 ఏళ్ల కుర్రాడి గురించి రాశాడు. చూపు బాగుంది, తెలివి ఉంది, ఆల్‌జీబ్రా లెక్క ఇస్తే టకటకా చేసేస్తాడు. కానీ ఏళ్ల తరబడి చదువు చెప్పించినా చిన్న చిన్న మాటలు దాటి చదవలేడు. తన పేరునే "ప్రెసీ" అని రాసి, తప్పు రాశానని కూడా గమనించలేదు. ఇప్పుడు మనం డిస్లెక్సియా అంటున్నది ఇదే. నాకైతే డాక్టర్ కంటే ఆ స్కూల్ మాస్టారి మాట గుర్తుండిపోయింది. చదువంతా నోటితోనే సాగితే స్కూల్లో అందరికంటే చురుకైనవాడు వీడే అన్నాడట ఆయన. అంటే కుర్రాడికి సబ్జెక్ట్ వచ్చు, అది కాగితం దగ్గరే ఆగిపోతోందని ఆయనకు అప్పుడే తెలుసు.

ఇక మన దేశం. 1995 వికలాంగుల చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉన్నాయి. డిస్లెక్సియా లేదు, రాయడం కష్టమయ్యే డిస్గ్రాఫియా లేదు. 2007లో "తారే జమీన్ పర్" చూసి దేశమంతా ఏడ్చింది కదా, అప్పటికీ ఆ సినిమాలో పిల్లాడికి ఆ చట్టంలో చోటు లేదు! 2016లో కొత్త చట్టం వచ్చి లిస్టు 21కి పెరిగాక గానీ ఈ పిల్లలు అందులోకి రాలేదు.

ఈ మధ్యలో 2013లో ఒక చిన్న పని జరిగింది. పెద్దగా ఎవరూ పట్టించుకోరు గానీ, నాకు చాలా ఇష్టం. కేంద్ర ప్రభుత్వం పరీక్షల గైడ్‌లైన్స్‌లో "ఎక్స్‌ట్రా టైమ్" అనే మాటే తీసేయమంది. దాని బదులు "కాంపెన్సేటరీ టైమ్" అనమంది. గంటకు కనీసం 20 నిమిషాలు. చూడండి, ఎక్స్‌ట్రా అంటే అందరికంటే ఎక్కువ ఇచ్చినట్టు. కాంపెన్సేషన్ అంటే పోయినదానికి బదులు ఇచ్చినట్టు. పేపర్ చదవడానికే మనకంటే రెట్టింపు సేపు పట్టేవాడికి, నష్టపోయిన టైమ్ అన్నమాట.

కానీ అక్కడో మెలిక ఉంది. 40 శాతం వైకల్యం ఉంటేనే అన్నారు. రాయలేకపోవడాన్ని శాతాల్లో ఎలా కొలుస్తారండీ? వికాస్ కుమార్ అనే సివిల్స్ అభ్యర్థికి చేతికి రైటర్స్ క్రాంప్, పెన్ను పట్టి రాయడమే కష్టం. స్క్రైబ్ కావాలంటే, అంటే తను చెప్తుంటే రాసిపెట్టే మనిషి కావాలంటే, యూపీఎస్సీ కుదరదంది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2021 ఫిబ్రవరిలో జస్టిస్ చంద్రచూడ్ బెంచ్ తేల్చి చెప్పింది: 40 శాతం లెక్క రిజర్వేషన్ల లాంటి వాటికి, స్క్రైబ్ ఇవ్వడానికి దానితో పని లేదు. 3 నెలల్లో రూల్స్ చేయమంది. అవి వచ్చింది 2022 ఆగస్టులో!

సరే, 40 శాతం ఉన్నవాళ్లకైనా ఇబ్బంది లేదా? అదే 2021లో నీట్ రాసిన ఒక అమ్మాయికి 40 శాతం డిస్గ్రాఫియా సర్టిఫికెట్ ఉంది. 3 గంటల పరీక్షకు ఇంకో గంట కలవాలి. సెంటర్‌లో ఆ గంట ఇవ్వకుండానే పేపర్ లాగేసుకున్నారు. నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆమెకు అన్యాయం జరిగిందని ఒప్పుకుంది. మళ్లీ పరీక్ష పెట్టడం మాత్రం కుదరదంది. ఏం చేసి సరిదిద్దుతారో వారంలో తేల్చమని ఎన్‌టీఏకి చెప్పింది. రూల్ ఢిల్లీలో ఉంది, ఆ రోజు హాల్లో ఉన్న ఇన్విజిలేటర్ దాకా రాలేదు.

మీ ఇంట్లో తమ్ముడికో చెల్లికో ఇలాంటి ఇబ్బంది ఉంటే, పదో తరగతి హాల్ టికెట్లు వచ్చేదాకా ఆగకండి. మెడికల్ సర్టిఫికెట్‌తో హెడ్మాస్టర్ గారిని ముందే కలవండి. ఇచ్చిన అనుమతి కాగితం మీద తీసుకోండి, పరీక్ష రోజు అది చేతిలో ఉండాలి.