వీపు మీద 48 గంటలు

కర్నూలు వైపు తుగ్గలి, ఆదోని చేల గట్ల మీద వయ్యారిభామ కలుపు విరగబూస్తుంది. కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు దురదపెట్టి మందమైతే దాన్ని అనుమానించడం సబబే. అయితే సాంబ్రాణి పొగ, ఊదుబత్తి, అత్తరు, వాసన నూనె పడకపోయినా ఇంచుమించు అలాగే ఉంటుంది. కంటిచూపుతో తేలదు, అనుమానించిన పదార్థాన్ని వీపుకు అంటించి చూసే ప్యాచ్ టెస్ట్ చేయాల్సిందే.

దీనికి నాంది 1895లో. పాదరసం మందు పడని రోగి చర్మానికి ఆ మందునే అంటించి, అదే దద్దును మళ్లీ రప్పించిన సంగతిని జోసెఫ్ యాడాసన్ గ్రాజ్ సభలో వివరించాడు. 1939లో కోపెన్‌హాగన్ వైద్యుడు పౌల్ బొన్నెవీ అందరికీ వేయదగిన పదార్థాల పట్టిక కూర్చాడు. అందులోని పెరూ బాల్సం చాలాకాలం వాసన ద్రవ్యాలన్నిటి తరఫునా నిలబడింది. అదీ సాంబ్రాణి లాగే చెట్టు బంకే. కానీ ఒక్క బంక ఎన్ని అత్తర్లకు సాక్ష్యం చెప్పగలదు?

అసలు మలుపు 1977లో వచ్చింది. అమెరికాలో వైద్యుడు వాల్టర్ లార్సెన్ 20 మంది రోగుల్ని పరీక్షించాక, లవంగంలోని యూజినాల్, దాల్చినచెక్కలోని సిన్నమాల్ వంటి ఎనిమిది పదార్థాల మిశ్రమం వాడుకలోకి వచ్చింది. మొదట ఒక్కొక్కటి 2 శాతం వేశారు. అలర్జీ లేనివాళ్ల చర్మాన్నీ మండిస్తోందని 1 శాతానికి దించారు. దించితే కొన్ని నిజమైన అలర్జీలు జారిపోవచ్చు. ఈ పీకులాట ఇప్పటికీ తెగలేదు. లైరల్ వంటి వాసన ద్రవ్యాలు తప్పించుకుంటున్నాయని 2005లో రెండో మిశ్రమం ముందుకొచ్చింది.

అంటించే తీరూ మారింది. ఫిన్లాండ్‌లో పిరిలా అనే వైద్యుడు 1970ల్లో తెచ్చిన ఫిన్ చాంబర్‌లో పరీక్ష పదార్థాన్ని చిన్న అల్యూమినియం గిన్నెల్లో పెడతారు, మోతాదు వేసేవారి చేతిలో ఉంటుంది. ముందే పూసి వచ్చే ట్రూ టెస్ట్ పట్టీలో మోతాదు కచ్చితం, కానీ రోగి తెచ్చుకున్న నూనెకు అందులో చోటు లేదు. అనుమానం మిగిలితే ఆ నూనెనే రోజుకు రెండుసార్లు, రెండు వారాల దాకా మోచేతి మడతలో రాసి చూస్తారు.

మన ప్రాంతానికి ఫిన్ చాంబరే నయమని నా అభిప్రాయం. భారతీయ ప్రామాణిక పట్టికలో వాసనల మిశ్రమంతో పాటు వయ్యారిభామ కూడా ఉంది. ఇద్దరు అనుమానితుల్నీ ఒకే వీపు మీద విచారించవచ్చు. ఎండాకాలం చెమటకు పట్టీ ఊడుతుంది కాబట్టి చలికాలం మేలు. నల్లని చర్మంపై ఎరుపు సరిగా తెలియదు, వేలితో తడిమి ఉబ్బును పట్టుకోవాలి.

48 గంటలకు పట్టీ తీసి చూసినది చాలదు, నాలుగో రోజు మళ్లీ చూడాలి. పరీక్షకు తుగ్గలి నుంచి కర్నూలుకు వచ్చే కూలీకి ఆ అదనపు ప్రయాణం మరో రోజు కూలి పోగొట్టుకోవడమే. ఆ నాలుగో రోజు చూపును ఆదోనిలోనో పత్తికొండలోనో శిక్షణ పొందిన వైద్యుడి చేత చేయించాలి.