తాడిని తన్నేవాడు

అత్తగారి మెట్టెల చప్పుడు వినగానే చేతిలో నవల దిండు కిందికి పోయే వైనం మనకి తెలియనిది కాదు. అమెరికాలో కార్లవాళ్లు ఆ పనికి యంత్రాన్నే పెట్టుకున్నారు!

1973 చమురు కరువు తర్వాత, 1974లో అక్కడ గంటకి 55 మైళ్లు మించరాదని చట్టం వచ్చింది. దాంతో పోలీసు రాడార్‌ని పసిగట్టే ‘ఫజ్‌బస్టర్’ పెట్టెకి గిరాకీ పెరిగింది. 1978 నాటి ‘ఎస్కార్ట్’ చెవులు ఇంకా వాడి. కారుకి తగిలి వెనక్కి మళ్లే తరంగం నీరసం, ఎదురొచ్చేది బలం. అందుకే పోలీసు కంటే ముందు పెట్టెకే తెలిసేది.

పోలీసులు ఊరుకుంటారా? కారు దగ్గరికొచ్చాకే మీట నొక్కడం నేర్చారు. తర్వాత లేజర్ వచ్చింది. పెట్టె కూసేసరికే లెక్క తేలిపోతుంది. పెట్టెని నిషేధించిన వర్జీనియాలో, పెట్టెనే పట్టిచ్చే మరో యంత్రం!

నాకైతే ఒకటే అనిపిస్తుంది. అది పోలీసుని చూసి కూస్తుందే గానీ, రోడ్డుకి అడ్డంవచ్చే పసివాణ్ణి చూసి కూయదు కదా!