‘ఒప్పుకోను’ అన్న ఆదివాసీ శాసనసభ్యుడు: ఎలైజా హార్పర్

చట్టసభకు వెళ్ళిన ఒక్క ఆదివాసీ అక్కడ ఏం చేయగలడు? ప్రతి ఎన్నికలప్పుడూ మన గూడేల్లో ఈ ప్రశ్న లేస్తుంది. గెలిపించి పంపితే పార్టీ చెప్పినప్పుడు చెయ్యెత్తడం తప్ప మనవాళ్ళు చేసేదేముందని పెద్దలు నిట్టూరుస్తారు. ఆ నిట్టూర్పులో నిజం ఉంది. కాని అదే పూర్తి నిజం కాదని చెప్పే ఒక జీవితం కెనడాలో ఉంది. మన యువత, ఉపాధ్యాయులు తెలుసుకోదగిన ఆ మనిషి పేరు ఎలైజా హార్పర్.

హార్పర్ 1949 మార్చి 3న మానిటోబా రాష్ట్రం ఈశాన్య మూలన, రెడ్ సక్కర్ లేక్ అనే ఆదివాసీ ఊరిలో పుట్టారు. కెనడాలో రాష్ట్రాన్ని ప్రావిన్స్ అంటారు. ఆయనది ఓజీ-క్రీ తెగ. అడవిలో ఉచ్చులు వేసి జంతువులను పట్టడం, చేపలు పట్టడం ఆ కుటుంబాల బతుకుతెరువు. తాత, నాయనమ్మల దగ్గర ఆ పనులూ, తమ భాషా నేర్చుకుంటున్న పిల్లవాణ్ణి ఇంటికి దూరంగా రెసిడెన్షియల్ పాఠశాలలకు పంపారు. ఆదివాసీ పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేసి, వారి భాషనూ ఆచారాన్నీ మరిపించడానికి ప్రభుత్వమూ చర్చిలూ కలిసి నడిపిన పాఠశాలలవి. లక్షన్నర మందికి పైగా పిల్లలు వాటిలో చదివారు. 2008లో కెనడా ప్రధాని ఆ విధానానికి పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు.

ఓటు సంగతి కూడా చూద్దాం. ఒడంబడికల కింద ప్రభుత్వ జాబితాలో ఉన్న ఆదివాసీలకు మానిటోబా శాసనసభ ఎన్నికల్లో ఓటు 1952లో వచ్చింది. ఆదివాసీ హోదా వదులుకోకుండానే దేశ పార్లమెంటు ఎన్నికల్లో ఓటేసే హక్కు 1960లో గానీ రాలేదు. అప్పటికి హార్పర్‌కు 11 ఏళ్ళు. అంటే ఆయన తాతలు తమ నేల మీద తామే ఓటు లేని మనుషులు.

మానిటోబా విశ్వవిద్యాలయంలో చదివి, సామాజిక పనుల్లో తిరిగి, 1978లో 29 ఏళ్ళకే హార్పర్ తన ఊరి చీఫ్ అయ్యారు. 1981లో న్యూ డెమోక్రటిక్ పార్టీ తరఫున రూపర్ట్స్‌ల్యాండ్ నియోజకవర్గంలో గెలిచారు. ఒడంబడిక ఆదివాసుల్లో మానిటోబా శాసనసభకు ఎన్నికైన మొదటి వ్యక్తి ఆయనే. ఆ నియోజకవర్గం పేరులోనే ఒక చరిత్ర ఉంది. 1670లో ఇంగ్లండ్ రాజు హడ్సన్స్ బే కంపెనీకి రాసిచ్చిన విశాలమైన భూభాగానికి తన బంధువైన రూపర్ట్ పేరు పెట్టారు. ఆ రూపర్ట్ ఆ నేలను ఎన్నడూ చూడలేదు. అక్కడ ఉంటున్నవారిని ఎవరూ అడగలేదు. 1986లో హార్పర్ ఆదివాసీ వ్యవహారాలు చూసే మంత్రి అయ్యారు. 1988 ఎన్నికల్లో ఆయన పార్టీ ఓడి మూడో స్థానానికి పడిపోయింది. ఆయన మాత్రం తన స్థానం నిలబెట్టుకుని ప్రతిపక్షంలో కూర్చున్నారు. చరిత్రలో నిలిచిన పని ఆయన చేసింది ఆ ప్రతిపక్ష కుర్చీలోంచే.

దానికి నేపథ్యం ఇది. 1982లో కెనడా రాజ్యాంగంలో చేరిన 35వ సెక్షన్ ఆదివాసుల హక్కులనూ ఒడంబడిక హక్కులనూ గుర్తించింది. ఆ హక్కుల్లో స్వపరిపాలన ఉందా లేదా అని తేల్చడానికి ప్రధాని, రాష్ట్రాల ముఖ్యమంత్రులు, ఆదివాసీ నాయకులు 1983 నుంచి 1987 వరకు నాలుగుసార్లు సమావేశమయ్యారు. స్వపరిపాలన అంటే ఏమిటో స్పష్టంగా నిర్వచించలేదని చెప్పి, 1987 మార్చిలో చర్చలు ముగించారు. కొద్ది వారాలకే, ఏప్రిల్ 30న, మీచ్ సరస్సు ఒడ్డున ప్రధాని బ్రయన్ మల్రోనీ, పదిమంది ముఖ్యమంత్రులు కూర్చుని క్యూబెక్ ‘విశిష్ట సమాజం’ అని రాజ్యాంగంలో రాయడానికి ఒప్పుకున్నారు. ‘విశిష్ట’ అంటే ఏమిటన్న నిర్వచనం అప్పుడు అడ్డురాలేదు. ఆ గదిలో ఆదివాసీ ఒక్కరూ లేరు.

మీచ్ లేక్ ఒప్పందం చెల్లాలంటే పార్లమెంటుతో పాటు పది రాష్ట్రాల శాసనసభలూ 1990 జూన్ 23లోగా ఆమోదించాలి. జూన్ మొదట్లో కూడా మానిటోబాలో అది పూర్తి కాలేదు. ముఖ్యమంత్రి గ్యారీ ఫిల్మన్‌తో సహా మూడు పార్టీల నాయకులూ ఒటావా వెళ్ళి, తీర్మానం సభ ముందుకు తెస్తామని ఒప్పుకొచ్చారు. గడువు దగ్గర పడింది. మామూలుగా ఇవ్వాల్సిన నోటీసు లేకుండా తీర్మానం పెట్టాలంటే సభ్యులందరి సమ్మతి కావాలి. 57 మంది సభలో ఒక్కరు కాదన్నా కుదరదు.

జూన్ 12న హార్పర్ చేతిలో గద్ద ఈకతో తన స్థానంలో కూర్చుని ఒప్పుకోనన్నారు. గద్ద ఈక అక్కడి ఆదివాసులకు పవిత్రమైనది. తరువాతి రోజుల్లో సమ్మతి అడిగిన ప్రతిసారీ అదే జవాబు. గొంతు పెంచలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. ఒప్పందంపై ప్రజల అభిప్రాయం వినాలన్న నియమం కూడా అక్కడ ఉంది. అందుకోసం ఆదివాసులు పెద్ద సంఖ్యలో పేర్లు నమోదు చేయించుకున్నారు. ఒటావా నుంచి ప్రతినిధులు వచ్చి, ఆదివాసీ సమస్యలపై రాయల్ కమిషన్ వేస్తామనీ, ఇంకా కొన్ని చేస్తామనీ హామీలిచ్చారు. చీఫ్‌లు ఒప్పుకోలేదు. జూన్ 22న సభ ఓటింగు లేకుండానే వాయిదా పడింది. న్యూఫౌండ్‌ల్యాండ్ ముఖ్యమంత్రి క్లైడ్ వెల్స్ కూడా తన సభలో ఓటింగు పెట్టలేదు. ఒప్పందం చచ్చిపోయింది.

దీన్ని ఒక వీరుడి కథగా మాత్రమే చెబితే అసలు పాఠం పోతుంది. హార్పర్ ఒంటరిగా లేరు. ఫిల్ ఫాంటైన్ నాయకత్వంలోని మానిటోబా చీఫ్‌లు, ఓవిడ్ మెర్క్రెడీ వంటి న్యాయం చదివిన ఆదివాసీ నాయకులు పక్కన కూర్చుని సభా నియమాలను అక్షరం అక్షరం చదివారు. విన్నిపెగ్‌లో శాసనసభ బయట వందల మంది ఆదివాసులు డప్పులతో, పాటలతో నిలబడ్డారు. లోపల నియమం, బయట జనం, మధ్యలో అమ్ముడుపోని ఒక మనిషి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ ‘ఒప్పుకోను’కు బలం ఉండేది కాదు. ఆయన పోరాటం క్యూబెక్ ప్రజల మీద కాదనీ, తమను అడగకుండా రాజ్యాంగం మార్చడం మీదనీ ఆయన చెబుతూనే వచ్చారు.

ఆ ఒక్క మాటతో అన్నీ దక్కలేదు. అదే వేసవిలో క్యూబెక్‌లోని ఓకా దగ్గర, తమ పూర్వీకుల శ్మశానం పక్కన గోల్ఫ్ మైదానం విస్తరించబోతే మోహాక్ ఆదివాసులు అడ్డుకున్నారు. సైన్యం దిగింది. ఆ ప్రతిష్టంభన 78 రోజులు సాగింది. ఆ తరువాత, 1991లో, రాయల్ కమిషన్ ఏర్పడింది. 1992లో వచ్చిన చార్లట్‌టౌన్ ఒప్పందంలో ఆదివాసీ స్వపరిపాలనకు చోటు దొరికింది. దాన్ని మెర్క్రెడీ సమర్థించారు, హార్పర్ వ్యతిరేకించారు. ఒకే పోరాటంలో నిలిచినవారు మరో మలుపులో వేరుపడటం మన ఉద్యమాల్లోనూ చూస్తున్నదే. ప్రజాభిప్రాయ సేకరణలో ఆ ఒప్పందమూ ఓడింది.

1993లో హార్పర్ లిబరల్ పార్టీ తరఫున చర్చిల్ స్థానంలో గెలిచి దేశ పార్లమెంటుకు వెళ్ళారు. ఈసారి ఆయనది అధికార పార్టీ. కాని ఆ పార్టీ ఎంపీలు 177 మంది, ఆయన వారిలో ఒకరు. ప్రతిపక్షంలో ఒక్కడిగా ఆపగలిగినంత పని అధికారపక్షంలో కూర్చుని చేయడం కుదరలేదు. 1995 డిసెంబరులో అన్ని మతాలవారినీ, ఆదివాసులనూ పిలిచి ‘పవిత్ర సభ’ జరిపించారు. ఆదివాసుల పేరిట ఒక జాతీయ దినం కావాలని ఆ సభ కోరింది. 1996 నుంచి జూన్ 21 ఆ దినమైంది. 1997 ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. 2013 మే 17న, 64వ ఏట కన్నుమూశారు. ఏ సభలో ఒప్పుకోనన్నారో ఆ శాసనసభ భవనంలోనే ప్రజల దర్శనానికి ఆయన దేహాన్ని ఉంచారు.

కెనడాలో ఆదివాసులకు రిజర్వుడు స్థానాలు లేవు. మనకు ఉన్నాయి: ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 7, తెలంగాణలో 12. ఐదో షెడ్యూలు ఉంది, గిరిజన సలహా మండలి ఉంది, 1996 నాటి పెసా చట్టం ఉంది. హార్పర్ కన్నుమూసిన ఏడాదే మన పొరుగున ఒడిశాలోని నియమగిరిలో 12 గ్రామసభలు బాక్సైట్ తవ్వకాలకు ఒప్పుకోమన్నాయి, కొండ నిలిచింది. అక్కడా పనిచేసింది నియమమూ, జనమూ కలిసిన బలమే.

అందుకే ఉపాధ్యాయులకు మా మాట ఇది. నాయకుల జయంతులతో పాటు గ్రామసభ ఎలా పిలవాలి, కోరం ఎంత, తీర్మానం ఎలా రాయాలి, అభ్యంతరం ఎక్కడ నమోదు చేయాలి అన్నవి కూడా పిల్లలకు నేర్పాలి. యువత తమ ఊరి తీర్మానాల పుస్తకం తెరిచి చదవాలి. సంతకం పెట్టమన్నప్పుడు ఎందుకని అడగాలి. మనల్ని అడగకుండా ఎవరైనా నిర్ణయం తీసుకుంటే, దాన్ని ఆపే నియమం ఎక్కడుందో మనలో ఒకరికైనా తెలిసి ఉండాలి. ఆ ఒకరి వెనక ఊరు నిలబడాలి.