దొరికిన విషాయుధం ఎవరిది?

1786లో టిప్పు సుల్తాన్ ఆదోని కోటను ముట్టడించాడు. కోటలో ఉన్నది నిజాం అలీ ఖాన్ సోదరుడు, అప్పటికే మరణించిన బసాలత్ జంగ్ కుటుంబం. నిజాం సైన్యం వచ్చి ఆ కుటుంబాన్ని తుంగభద్ర దాటించిన పిదప కోట టిప్పు వశమయింది. ఆయన ప్రాకారాలను పడగొట్టించి, ఫిరంగులను, యుద్ధసామగ్రిని తన కోటలకు తరలించుకుపోయాడు. ఆ ఫిరంగులు ఎవరివన్న ప్రశ్న ఆనాడు తలెత్తలేదు. ఓడినవాని ఆయుధం గెలిచినవానిదే అన్నది అందరూ ఎరిగిన న్యాయం. ఆదోని, ఆలూరు సీమ ఏలికల చేతులు మారిన ప్రతిసారీ జరిగిందదే.

అయితే కోట మందుగుండు కొట్టులో దొరికినది ఫిరంగి కాక, విషవాయువు నింపిన గుండు అయితే? దానికీ ఈ న్యాయమే వర్తిస్తుందా? ఇరాక్‌లో, లిబియాలో, సిరియాలో మన కాలంలోనే ఎదురైన ప్రశ్న ఇది.

గనీమత్ నియమం

యుద్ధంలో చేజిక్కిన సొత్తును ధర్మశాస్త్రం గనీమత్ అంటుంది. దివ్య ఖురాన్ అన్‌ఫాల్ సూరా 41వ ఆయత్ దానిలో ఐదవ వంతును వేరుచేసి, అనాథలు, నిరుపేదలు, బాటసారులు మొదలైనవారికి హక్కు కల్పించింది. మిగిలినది యోధుల భాగం. ఇమాం అబూ హనీఫా (ర) శిష్యులైన ఇమాం ముహమ్మద్ షైబానీ (ర) యుద్ధం, సంధి, సొత్తుల నియమాలను ‘సియర్’ పేరిట క్రోడీకరించారు. ఇమాం సరఖ్సీ (ర) వాటికి వ్యాఖ్యానం రాశారు. 1908లో హైదరాబాదులో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే బోధించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా ఆ వ్యాఖ్యానాన్ని ఫ్రెంచి భాషలోకి అనువదించారు. ఈ శాస్త్రాన్ని నేటి అంతర్జాతీయ న్యాయం చదివినవారికి అర్థమయ్యే రీతిలో అందించినవారిలో ఆయన అగ్రగణ్యులు.

గనీమత్‌లో ప్రతి వస్తువూ పంపకానికి రాదు. ముస్లిం చేతిలోని మద్యాన్ని హనఫీ ఫుఖహాలు విలువగల ధనంగా లెక్కించలేదు. వాడుకోవడం నిషిద్ధమైన వస్తువుకు విజేత యజమాని కాజాలడు అన్నది దీని సారం.

మరి విషం సంగతి? ఇక్కడ ఉన్నదున్నట్లు చెప్పుకోవాలి. పూర్వ ఫుఖహాలందరిదీ ఒకే మాట కాదు. మాలికీ పండితుడు ఖలీల్ తన ‘ముఖ్తసర్’లో విషం పూసిన బాణాలను నిషేధించారు. హనఫీ గ్రంథాలలోనో, ముట్టడి వేళ నీటితో ముంచడాన్ని, నిప్పు పెట్టడాన్ని అనుమతించిన చోట్లున్నాయి. అగ్నితో శిక్షించే హక్కు అల్లాహ్‌కే ఉందని దైవప్రవక్త (స) తెలిపిన హదీసు మరోవైపు ఉంది. ఆనాటివారు ఎరుగని ఆయుధానికి వారి పుస్తకంలో ఒక వాక్యం వెతికి తీర్పు చెప్పడం తొందరపాటే.

1925 నుండి 1997 దాకా

ఆధునిక శాసనం కూడా ఒక్క అడుగులో గమ్యం చేరలేదు. 1925 జెనీవా ఒప్పందం విషవాయువుల వాడకాన్ని నిషేధించింది, కాని వాటిని దగ్గర ఉంచుకోవడాన్ని నిషేధించలేదు. కనుక శత్రువు వద్ద పట్టుబడిన గుండ్లను విజేత దాచుకున్నా ఆ ఒప్పందం అడ్డుచెప్పలేదు. 1988 మార్చి 16న ఇరాక్ ప్రభుత్వం హలబ్జా పట్టణంలో తన ప్రజలపైనే విషవాయువు ప్రయోగించింది. వేలాది కుర్దులు, అందులో స్త్రీలు, పసిబిడ్డలు, ప్రాణాలు కోల్పోయారు.

1997లో అమలులోకి వచ్చిన రసాయనాయుధాల ఒడంబడిక ఆ సందును మూసింది. తయారుచేయడమే కాదు, సంపాదించడం, ఉంచుకోవడం, మరొకరికి ఇవ్వడం కూడా నిషిద్ధమే. దొరికినదాన్ని ప్రకటించాలి, తనిఖీకి ఒప్పుకోవాలి, నాశనం చేయాలి. నీటిలో పారవేయరాదు, భూమిలో పాతిపెట్టరాదు, బహిరంగంగా తగులబెట్టరాదు. భారతదేశం కూడా తన వద్దనున్న మస్టర్డ్ వాయువు నిల్వలను 1997లో ప్రకటించి, 2009 నాటికి నాశనం చేసింది.

నియమానికి, ఆచరణకు మధ్య

1991 మార్చిలో అమెరికా సైనికులు దక్షిణ ఇరాక్‌లోని ఖమీసియా ఆయుధాగారాన్ని పేల్చివేశారు. లోపల సరీన్ నింపిన రాకెట్లున్నట్లు వారికి తెలియదు. ఆ సంగతిని వారి ప్రభుత్వం ఒప్పుకున్నది 1996లో. 2003 యుద్ధం తరువాత మరల వేలాది పాత గుండ్లు అక్కడక్కడ బయటపడ్డాయి. వాటివల్ల గాయపడిన సైనికుల కథ 2014లో పత్రికలు రాసేదాకా లోకానికి సరిగా తెలియలేదు. ఇరాక్ ఒడంబడికలో చేరింది 2009లో. అంతకుముందు దొరికినవాటి బాధ్యత చేసిన ప్రభుత్వానిదా, కనుగొన్న సైన్యానిదా అన్నది న్యాయవేత్తల మధ్య వివాదం.

వదిలిపోయిన ఆయుధాల విషయంలో ఒడంబడిక స్పష్టంగా ఉంది. రెండవ ప్రపంచ యుద్ధంలో చైనాలో జపాన్ సైన్యం వదిలిన గుండ్లను తొలగించే ఖర్చు జపానుదే. 1999లో ఆ రెండు దేశాలు దీనిపై ఒప్పందం కుదుర్చుకున్నాయి.

సిరియా విషయంలో మరో చిక్కు వచ్చింది. 2013 ఆగస్టులో గూతా ప్రాంతంలో సరీన్ ప్రయోగం జరిగిన తరువాత ఆ దేశం నిల్వలు అప్పగించడానికి ఒప్పుకుంది. కాని వాటిని ఇతర దేశాలు ఓడలలో తీసుకుపోవాలంటే ‘మరొకరికి ఇవ్వరాదు’ అన్న నియమమే అడ్డు. భద్రతామండలి 2118వ తీర్మానం ద్వారా ప్రత్యేక అనుమతి ఇవ్వవలసి వచ్చింది. లిబియాలో మిగిలిన రసాయనాలను 2016లో తరలించడానికీ అలాంటి తీర్మానమే కావలసి వచ్చింది. నాశనం చేయడంలో ఇంకో ప్రమాదముంది. గుండుతోపాటు నేరానికి సాక్ష్యమూ పోవచ్చు. కనుక ముందుగా నమూనా తీసి, లెక్క రాసి, ఆ తరువాతనే నాశనం చేయడం న్యాయం.

1876 నాటికి పూర్తయిన ఉస్మానీ న్యాయస్మృతి ‘మజల్లా’లో ఒక సూత్రముంది: ఒక హానిని దానివంటి మరొక హానితో తొలగించరాదు. శత్రువు విషాన్ని పట్టుకుని, తన సైనికుల ఊపిరితిత్తుల్లోకో, పక్క గ్రామపు బావిలోకో వదిలేవాడు హానిని తొలగించినవాడు కాదు, చోటు మార్చినవాడు. టిప్పు ఆదోని నుండి తరలించిన ఫిరంగి విజేత సొత్తు. దొరికిన విషపు గుండు మాత్రం ఎవరి సొత్తూ కాదు. అది అమానతు. అమానతుకు యజమాని ఉండడు, జవాబుదారీ మాత్రమే ఉంటాడు. అతడు లోకానికి లెక్క చెప్పాలి. ముస్లిం అయితే అల్లాహ్ సన్నిధిలోనూ చెప్పాలి.