లోపనివారణ బోధన (గోదావరి డెల్టా)

తరగతిలో వెనుకబడిన పిల్లలకు ప్రభుత్వ ఖర్చుతో అదనంగా చెప్పే చదువు. లోపనివారణ అన్నది బి.ఎడ్. పుస్తకాల మాట. బళ్లలో వినిపించేది 'రెమిడియల్ క్లాసు', పదో తరగతికైతే 'స్టడీ అవర్'.

డెల్టాలో బడికి ఊరి సొమ్ము పెట్టే అలవాటు పాతదే. 1854లో రాజమండ్రి సబ్ కలెక్టరు జి.ఎన్. టేలర్ నరసాపురం, పాలకొల్లు, ఆచంట, పెనుగొండల్లో బళ్లు తెరిపించాడు. అవి చూసి చుట్టుపక్కల రైతులు తమ ఊళ్లకూ బడి కావాలని, శిస్తుతో పాటు సెస్సు కట్టడానికి ఒప్పుకొన్నారు. ఆ వసూలుకు చట్టం అండ 1863 మద్రాసు విద్యా చట్టంతో దొరికింది. అయితే ఆ సొమ్ము బడి నడవడానికే. చదువు అందని పిల్లవాడు అదే తరగతిలో మళ్లీ కూర్చునేవాడు, లేదా పొలానికి పోయేవాడు.

అలాంటి పిల్లవాడికంటూ విడిగా నిధులు రావడం సర్వశిక్షా అభియాన్ (2001) నాటి మాట. బడి మానేసినవారికి రెసిడెన్షియల్ బ్రిడ్జి కోర్సులు, విద్యా వాలంటీర్లు వచ్చారు. 2005 ప్రాంతంలో 'క్లిప్', దాని వెనుకే 'క్లాప్స్' అనే కార్యక్రమాలు చదవడం, రాయడం, లెక్కలు పరీక్షించి పిల్లల స్థాయి తేల్చాయి. పేర్లు మారినంత తొందరగా పని మారలేదు. సి, డి గ్రేడు పిల్లల జాబితా రాసుకోవడం, సాయంత్రం కూర్చోబెట్టడం, అంతే.

2009 విద్యాహక్కు చట్టం మరో మెలిక పెట్టింది. అవసరమైన పిల్లలకు అదనపు బోధన చేయడం 24వ సెక్షన్ ప్రకారం ఉపాధ్యాయుడి విధి. ప్రైవేటు ట్యూషన్ చెప్పడం 28వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. విధి అన్నాక వేరే భత్యం అడిగే వీలెక్కడ?

2021లో ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసిన 'సాల్ట్' పథకం పునాది చదువుల మీద దృష్టి పెట్టింది. ప్రథమ్ సంస్థ రూపొందించిన 'టార్ల్' పద్ధతిలో తరగతిని బట్టి కాక, అక్షరం, పదం, పేరా, కథ చదవగల స్థాయిని బట్టి పిల్లలను జట్లు చేస్తారు. లంక గ్రామాల చదువుకు వరద అదనపు అడ్డంకి: 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. వరదకు పోయిన పాఠాలను లెక్కగట్టే గ్రేడు ఏదీ లేదు.

పదో తరగతికి వంద రోజుల ప్రణాళిక ఇప్పటికీ ఏటా సాగుతోంది. బడి విడిచాక ఆగే పిల్లలకు సాయంత్రం గుగ్గిళ్లో బిస్కెట్లో చాలా చోట్ల ఊరి దాతలే పెడుతున్నారు.